ఇద్దరు రాజులు, ఒక పీపా తేటసుర

నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్న వేళ, యువరాజు వసంతకేతు మాచక్క వెనకే నడుచుకుంటూ మధురవనం పొలిమేర చేరాడు.

ఆ వనం అందం చెప్పనలవి కాదు. తాళవృక్షాలంత ఎత్తయిన వెదురు గడలను పెనవేసుకుని, లేతాకుపచ్చని తీగలు ఆకాశానికి నిచ్చెనలు వేస్తున్నట్టు పైపైకి పాకిపోయాయి. ప్రతి తీగకూ గుత్తులు గుత్తులుగా పొలుసుల మొగ్గలు వేలాడుతున్నాయి. ఏ దేవకన్యో చిలకల గుంపును తలకిందులుగా ఆరవేసి మరిచిపోయిందా అన్నట్టు అవి గాలికి ఊగుతున్నాయి. వాటి నుంచి రాలిన పుప్పొడితో నేలంతా పసుపు చల్లిన పెళ్ళిపందిరిలా ఉంది.

"ఆహా! నయనానందకరం!" అని వసంతకేతు మైమరచి నిలబడ్డాడు.

మాచక్క ఒక మొగ్గ తుంచి, కొరికి, తుపుక్కున ఉమ్మేసింది.

"తీపి! చెరుకు నమిలినట్టుంది. ఇదేం చేసుకుంటాం బాబూ, పాయసం వండుకుంటామా?"

యువరాజు ముఖం వాడిపోయింది. ఇంత దూరం వచ్చింది చేదుమొగ్గల కోసం. అవి దొరక్కపోతే కేసరావళి రాజ్యం నాశనమైపోయినట్టే.

ఆ రాజ్యానికి వచ్చిన ఆపద మామూలుది కాదు. ఒకనాటి ఉదయం అంతఃపురంలో, పట్టుపాన్పు మీద, ఇద్దరు చండకీర్తి మహారాజులు లేచి కూర్చున్నారు. ఇద్దరికీ అవే కోరమీసాలు, చెంప మీద అదే పుట్టుమచ్చ, ఎడమకాలి బొటనవేలికి అదే వాతపు వాపు. ఇద్దరూ ఒక్కసారే "తాంబూలం!" అని అరిచారు. మహామంత్రి పరుగున వచ్చి ఎన్ని రహస్యాలు అడిగినా ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు. చెప్పి, "వీడు నా మాట విని చెబుతున్నాడు" అని ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు.

చివరికి మంత్రి చేతులెత్తేసి రెండో సింహాసనం చేయించాడు. ఆనాటి నుంచి ప్రజల పాట్లు పగవాడికి కూడా వద్దు. మొదటి రాజు ఆవుల కొమ్ములకు రంగు వేయమంటే, రెండో రాజు కడిగేయమన్నాడు. మొదటి రాజు శంఖినీ నదిలోని ముసలి వాలుగచేపను నౌకాదళానికి సేనాపతిగా నియమిస్తే, రెండో రాజు దాన్ని బర్తరఫ్ చేశాడు. చేపకు మాత్రం రెండు సంగతులూ తెలియవు. చివరికి ఇద్దరూ యుద్ధం ప్రకటించుకున్నారు. ఉన్నది ఒకటే సైన్యం కనుక ప్రతి ఇంట్లోనూ అన్నను ఇటు, తమ్ముణ్ణి అటు పంచుకున్నారు.

అప్పుడు మహారాణి హేమప్రభ కొడుకును చాటుగా పిలిచి చెప్పింది. "నాయనా, మా పుట్టింటి దేశంలో తేటసుర అని ఒకటి కాచేవారు. దాన్ని స్ఫటికపు గిన్నెలో పోసి, అందులోంచి చూస్తే ఎంతటి మాయ అయినా చిరిగిపోతుంది. ఇదిగో గిన్నె. కాచే మనిషిని నువ్వు వెతుక్కో."

కాచగల మనిషి ఆ రాజ్యంలో ఒక్కతే ఉంది. సురభాండాలతోనే పుట్టి పెరిగిన మాచక్క. యువరాజు ఆమె గుమ్మంలో నిలబడి విషయం చెప్పగానే ఆమె బహుమానం ఊసైనా ఎత్తలేదు. "నా పెద్దోడు మొదటి రాజు దండులో ఉన్నాడు. చిన్నోడు రెండో రాజు దండులో. పద బాబూ" అని చీర కుచ్చెళ్ళు బిగించింది.

ఇప్పటికే వాళ్ళు చాలా సంపాదించారు. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ముందే కాల్చి పొగంతా పోగొట్టిన బొగ్గుల మీద ఆరబెట్టారు. కట్టెల పొగ సోకితే మొలకలు నల్లబడతాయి, సుర చీకటిలా తయారవుతుంది. ఇవి మాత్రం గడ్డిపువ్వు రంగు తేలాయి. తెల్లరాతి బావి నీళ్ళు తోలుతిత్తుల్లో నింపారు. ఆ నీళ్ళలో ఏడాదంతా మరిగించినా కందిపప్పు ఉడకదు, కానీ తేటసురకు అవే కావాలి. ఇక సురను పులియబెట్టే నురుగుతోడు మాచక్క చంకలోనే ఉంది. అది మాచక్క అత్తగారికి ఆవిడ అత్తగారు ఇచ్చినది. చల్లబడితే చచ్చిపోతుంది, ఆకలేస్తే గుర్రుమంటుంది. కుండకు గుడ్డ చుట్టి, పైన కుచ్చుల టోపీ పెట్టి, చంటిబిడ్డలా ఎత్తుకుని తిరుగుతోంది. దారిలో కావలివాళ్ళు దాని బుగ్గ గిల్లబోయి, అది బ్రేవ్‌మని తేన్చితే "పాలు అరిగాయిలే తల్లీ" అని వదిలేశారు.

మిగిలింది చేదుమొగ్గ. అదేమో తియ్యగా ఉంది.

"రండి నాయనలారా, రండి! మీ పాదధూళి సోకి నా వనం పావనమైంది" అంటూ తీగల నడుమ నుంచి ఒక ముని వచ్చాడు. మంచులాంటి గడ్డం, వెన్నలాంటి నవ్వు. "నన్ను మృదుభాషి అంటారు. పరుషవాక్యం పలికి ఎరగను. మీకేం కావాలన్నా కోసుకోండి. కోయడానికి నొప్పయితే నేనే కోసిపెడతాను. తినడానికి బద్ధకమైతే నమిలి కూడా పెడతాను."

"నమలక్కర్లేదు గానీ స్వామీ, ఈ మొగ్గలు చేదుగా ఉండాలి కదా?" అంది మాచక్క.

"ఒకప్పుడు ఉండేవి బంగారుతల్లీ. ఈ తీగ ఏ మాట వింటే ఆ మాటను మొగ్గలో దాచుకుంటుంది. ఇక్కడ ఒక పల్లె ఉండేది. ఆడపడుచులు, వదినెలు పొద్దస్తమానం పోట్లాడుకునేవారు. అప్పుడు కాకరకాయ దీని ముందు కలకండే. నేను వచ్చి అందరికీ మంచిమాటలు చెప్పాను. నా మాటలు భరించలేక పల్లె ఖాళీ అయింది. తీగలు తియ్యబడ్డాయి."

మాచక్క యువరాజును పక్కకు లాగింది. "విన్నావుగా. తిట్టాలి. మొదలెట్టు బాబూ."

వసంతకేతు విలువిద్య నేర్చాడు, గజారోహణం నేర్చాడు, పద్దెనిమిది రకాల వ్యూహాలు నేర్చాడు. తిట్టడం ఏ గురువూ నేర్పలేదు. గొంతు సవరించుకుని, ముని ముందు నిలబడి, చెవులు ఎర్రబడుతుండగా, "ఓయీ మునీ! తమరు... తమరు అంత మంచివారేమీ కారు!" అన్నాడు.

ఒక్క ఆకు కూడా కదల్లేదు.

"అబ్బో, ఆ తిట్టుకు నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి" అని మాచక్క రంగంలోకి దిగింది. "ఏమయ్యా మెత్తని గడ్డమూ! నీ నవ్వుకు నూనె ఏ గానుగలో ఆడిస్తున్నావు? ఊరు ఊరంతా నీ సుద్దులకు తట్టాబుట్టా సర్దుకుని పోయిందంటే నువ్వు మునివా, మశూచివా? నీ తపస్సు తగలెయ్య, నీ కమండలం కాకులెత్తుకుపోను!"

తీగలు ఉలిక్కిపడ్డాయి. మొగ్గలు ముదురాకుపచ్చకు తిరిగాయి. కానీ ముని చేతులు జోడించి, "ఎంత చక్కని కంఠం తల్లీ నీది! నీకు నూరేళ్ళు ఆయుష్షు కలగాలి" అన్నాడు. మొగ్గలు మళ్ళీ లేతాకుపచ్చకు తిరిగాయి. మాచక్క తిట్టేది, ముని దీవించేవాడు. మొగ్గలు ఎటూ తేల్చుకోలేక ఊసరవెల్లుల్లా రంగులు మార్చాయి. చివరికి మాచక్క గొంతు బొంగురుపోయి ఒక రాయి మీద కూలబడింది.

వసంతకేతుకు ఆమెను చూస్తే జాలేసింది. ఏం మాట్లాడాలో తోచక, మర్యాదకు ఏదో ఒకటి అనాలి కదా అని, మునితో అన్నాడు.

"స్వామీ, మీ సహనం గొప్పది. వస్తూ దారిలో, అవతలి కొండ మీద శాంతశీలుడనే మునిని చూశాము. ఆయనకూ కోపం రాదు. నిజం చెప్పాలంటే, ఆయన మీకంటే ఇంకాస్త శాంతంగా ఉన్నట్టు..."

ముని నవ్వు అలాగే ఉండిపోయింది. కానీ గడ్డం వణికింది.

"ఎవరూ?"

"శాంతశీలుడు. చాలా నిదానస్తులు."

"వాడా?" అన్నాడు ముని. కొండలు మారుమోగాయి. "వాడికి శాంతమా? వాడికా? ఆ గడ్డం వాడిది కాదయ్యా! మేకపోతు వెంట్రుకలు జిగురుతో అంటించుకున్నాడు! ఒకే గురువు దగ్గర చదివాం. నా కమండలం అడిగి తీసుకుపోయి చిల్లు ఉందని తిరిగి ఇచ్చాడు, ఆ చిల్లు పెట్టిందే వాడు! దొంగ వెధవ! నేను ఒంటికాలి మీద తపస్సు చేస్తుంటే చెట్టుచాటు నుంచి ఈకతో అరికాలు గిలిగింతలు పెట్టిన ముదనష్టపు వాడు! వాడు శాంతం, నేను కాదూ?"

వనమంతా గుప్పున చేదువాసన కమ్ముకుంది. తుమ్మెదలు పడుతూ లేస్తూ పారిపోయాయి. మొగ్గలన్నీ బిగుసుకుని, ముదిరి, జిగురు కార్చాయి. మాచక్క ఒకటి నాలుక మీద పెట్టుకుంది. ఆమె ముఖం నిమ్మతొక్కలా ముడుచుకుపోయింది.

"అమ్మయ్య! విషంలా ఉంది! కొయ్యి బాబూ, కొయ్యి!" అని ఆనందబాష్పాలు రాల్చింది.

ఇద్దరూ గబగబా గోనెసంచి నింపారు. అయితే అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా తీపిమాటలతో నోరు చప్పబడిన తీగలకు ఒక్కసారి తిట్టు రుచి తగిలింది. అవి ఇంకా కావాలన్నట్టు నేల మీదికి దిగి, ముని నడుము చుట్టాయి. మాచక్క కాళ్ళు చుట్టాయి. యువరాజు మెడకు చుట్టుకుని, తిట్టు, తిట్టు అన్నట్టు బిగించసాగాయి.

"తిట్టకు బాబూ! తిట్టిన కొద్దీ బిగుస్తాయి!" అని మాచక్క కేకేసింది.

"తీపిగా మాట్లాడితే మొగ్గలు పాడవుతాయేమో!"

"తుంచిన మొగ్గ మారదు! నీకు వచ్చిన విద్యే కదా, కానియ్యి!"

ఊపిరాడని గొంతుతోనే వసంతకేతు తీగ ఆకును నిమిరి, "బంగారు తీగమ్మా, అలసిపోయావా? నిద్రొస్తోందా?" అన్నాడు. చిన్ననాడు దాది పాడిన జోలపాట ఎత్తుకున్నాడు. తీగలు ఆవులించినట్టు సడలాయి. ముని మాత్రం ఇంకా మేకవెంట్రుకల దగ్గరే ఉన్నాడు. కనుక అతన్ని వదల్లేదు. మాచక్క యువరాజు చెయ్యి పట్టుకుని పొలిమేర దాటేదాకా పరిగెత్తించింది. వెనక నుంచి "ఆ చిల్లు పెట్టిందే వాడు!" అన్న కేక చాలాసేపు వినిపించింది.

రాజధాని వెలుపల, శంఖినీ తీరంలో, పాడుపడిన ఇటుకల బట్టీ ఒకటి ఉంది. అక్కడ మాచక్క పొయ్యి పెట్టింది. యవమొలకలు నలగ్గొట్టి, తెల్లరాతి నీళ్ళు వేడిచేసి అందులో నానబెట్టింది. తియ్యని రసం దిగింది. పిప్పి వడగట్టి, రసాన్ని పెద్ద కొప్పెరలో మరిగించి చేదుమొగ్గలు గుమ్మరించింది. ఆవిరి ఎగసి, మీదుగా పోతున్న కొంగలు ముక్కులు మూసుకున్నాయి. రసం చల్లారాక, టోపీ తీసి, "పో నాయనా, నీ ఇల్లు ఇదే" అని నురుగుతోడును అందులో వదిలింది.

అది తిన్నది. తిని పొంగింది. పొంగి, కొప్పెర అంచు దాటి, పొయ్యి దాటి, బట్టీ గుమ్మంలోంచి తల బయటపెట్టి ఊరి వైపు చూసింది. వసంతకేతు ఒరలోంచి కత్తి దూశాడు. మాచక్క గరిటెతో దాని నెత్తి మీద ఒకటి మొట్టేసరికి బుద్ధిగా వెనక్కి వెళ్ళింది.

కొద్దిరోజులకు పొంగు తగ్గింది. సురను పీపాలోకి దించి, యువరాజు స్ఫటికపు గిన్నె ముంచి, వెలుగుకు పట్టి చూశాడు.

కుడితినీళ్ళలా ఉంది. అందులోంచి చూస్తే మాచక్క గేదెలా కనిపించింది.

"నేను గేదెను కాను బాబూ" అంది మాచక్క అతని ముఖం చూసి. "మడ్డి దిగలేదు. దీనికి పెద్ద వాలుగచేప పొట్టలో ఉండే గాలితిత్తి కావాలి. దాన్ని పులిసిన సురలో మెదిపి పోస్తే, ఉన్న మడ్డంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అడుక్కు పోతుంది. కానీ ఈ పీపాకు సరిపడా తిత్తి ఉన్న చేప ఈ నదిలో ఒక్కటే."

"సేనాపతి గారా!" అని యువరాజు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "రాజోద్యోగిని చంపడమా? అధర్మం కదా!"

అంతలోనే నగరం వైపు నుంచి శోకభేరి మోగింది. బాటసారి ఒకడు కళ్ళు తుడుచుకుంటూ సంగతి చెప్పాడు. రెండో రాజు బర్తరఫ్ చేశాడన్న పంతంతో, మొదటి రాజు ఆ చేపకు గజదళాన్ని కూడా అప్పగించి, అంబారీలో కూర్చోబెట్టి ఎండలో ఊరేగించాడట. కోటగుమ్మం చేరేసరికి సేనాపతి వీరస్వర్గం అలంకరించాడు. చితికి నిప్పంటించిన మరుక్షణం యుద్ధం మొదలవుతుందని రెండు పక్షాల వాళ్ళూ చాటింపు వేశారట.

మాచక్క ఒక బండి లాక్కొచ్చింది. పీపాను బండి మీదికి ఎత్తింది. తాను తల విరబోసుకుంది. యువరాజుకు తన పాతచీర కట్టి, ముసుగు ముఖం మీదికి లాగి, "నువ్వు ఏడ్చే దానివి. నేను పెద్ద ఏడ్చే దాన్ని. నోరు తెరవకు, ముక్కు చీదు చాలు" అంది.

నది ఒడ్డున గంధపుచెక్కల చితి మీద, పూలగుట్ట కింద, సేనాపతి పవళించి ఉన్నాడు. మీసాలకు సంపెంగ నూనె రాశారు. కుడిపక్క ఎర్రతలపాగాల దండు, ఎడమపక్క తెల్లతలపాగాల దండు ఎదురెదురుగా బల్లేలు పట్టి నిలబడ్డాయి. ఆ వరసల్లో మాచక్క పెద్దకొడుకు వీరన్న, చిన్నకొడుకు చెంచన్న ఒకరి ముఖం ఒకరు చూడలేక నేలచూపులు చూస్తున్నారు. చూడగానే మాచక్కకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆమె చితి మీద పడి రాగం తీసింది. "అలల మీద నడిచావయ్యో, ఆనకట్ట నా తండ్రో! ఏనుగెక్కి పోయావయ్యో, ఈదడం మరిచావో!" ఆ శోకానికి గుర్రాలు కూడా కన్నీరు పెట్టాయి. పూలకింద ఆమె చెయ్యి మాత్రం చిన్న కత్తితో తన పని తాను చేసుకుపోతోంది.

దళవాయి ఒకడు అనుమానంగా దగ్గరికొచ్చాడు. "ఏమ్మా, చెయ్యి లోపల పెట్టావేం?"

"గుండె మీద చెయ్యేసి ఏడవాలి కదయ్యా! చేపకు గుండె ఎక్కడుంటుందో నీకేమైనా తెలుసా? నేను వెతుక్కుంటున్నా."

దళవాయికి తెలియదు. తెలియదని ఒప్పుకోలేక, గంభీరంగా తలాడించి వెళ్ళిపోయాడు.

గాలితిత్తి కొంగులోకి చేరింది. తర్పణానికి తెచ్చిన సుర అని చెప్పిన పీపా చాటున మాచక్క దాన్ని మెదిపి, లోపల కలిపింది. మడ్డి దిగడానికి కాస్త సమయం పడుతుంది. ఇద్దరు రాజులూ అప్పటికే చెరొక కొరివి పట్టుకుని చితి దగ్గరికి వస్తున్నారు.

"నేనే అంటించాలి. సేనాపతిని నియమించింది నేను!"

"నేనే అంటించాలి. బర్తరఫ్ చేసింది నేను!"

ముసుగులోంచి వసంతకేతు సన్నని గొంతు తెచ్చుకుని, "మహారాజులు కోపగించుకోకపోతే... ఎవరు ఎక్కువసేపు చరమస్తుతి చేస్తే వారికే అంత దుఃఖం ఉన్నట్టు కదా?" అన్నాడు.

ఇక చూడాలి. మొదటి రాజు సేనాపతి పొలుసులను నక్షత్రాలతో పోల్చాడు. రెండో రాజు తోకను ఇంద్రధనుస్సుతో పోల్చాడు. మొదటి రాజు చేప వంశవృక్షం మత్స్యావతారం దాకా తీసుకెళ్ళాడు. రెండో రాజు అంతకు ముందు తరం కూడా చెప్పాడు. సైనికులు బల్లేల మీద ఆనుకుని కునుకు తీశారు. ఈలోగా మాచక్క బుడగలు లేవడానికి పీపాలోకి పటికబెల్లం పలుకులు, మిగిలిన చేదుమొగ్గలు జారవిడిచి, బిరడా సుత్తితో దిగగొట్టింది. "ఇక దీన్ని కదిలిస్తే ఊరుకోదు" అని గొణిగి, పక్కనున్న సన్నని రంధ్రం పుల్ల తీసి గిన్నె పట్టింది.

తేటసుర దిగింది. అప్పుడే కరిగించిన బంగారానికి ఊపిరి పోసినట్టుంది. ఆవగింజంత బుడగలు ముత్యాల సరాలై అడుగు నుంచి పైకి లేస్తున్నాయి. గిన్నె వెనక పెట్టిన వేలు మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి.

వసంతకేతు ముసుగు తీసేశాడు. గిన్నె కంటికి ఎత్తి మొదటి రాజు వైపు చూశాడు. చర్రున మాయ చిరిగింది. కోరమీసాలు ఎండుటాకుల్లా రాలాయి. తల మీద జడలు జడలుగా పొగ లేచింది. నల్లబొగ్గు ముఖంతో ధూమ్రజటుడనే మాంత్రికుడు నిలబడి ఉన్నాడు.

"వాడు మాయావి! అయితే ఈయనే నా తండ్రి!" అని యువరాజు ఉప్పొంగిపోయి, రెండో రాజు కాళ్ళ మీద పడబోతూ, ఎందుకైనా మంచిదని గిన్నెలోంచి ఒకసారి చూశాడు. మళ్ళీ చర్రుమంది. కిరీటం కింద నుంచి ఎర్రని కోడిజుట్టు లేచింది. గుండ్రటి కళ్ళు టపటపా కొట్టుకున్నాయి. కుక్కుటాక్షుడనే మరో మాంత్రికుడు!

మాంత్రికులిద్దరూ ఒకరినొకరు నోళ్ళు తెరుచుకుని చూసుకున్నారు.

"నువ్వు... నువ్వు అసలు రాజువి కాదా?" అన్నాడు ధూమ్రజటుడు.

"నువ్వూ కాదా? నీ కాలివాపు చూసి నిజమనుకున్నాను కదయ్యా!"

"ఆ వాపు తెచ్చుకోవడానికి మండలం రోజులు మంత్రం జపించాను! ఇన్నాళ్ళూ నీకు భయపడి, రాజు ఎలా దగ్గుతాడో నిన్ను చూసి నేర్చుకుంటున్నాను!"

"నేను నిన్ను చూసి నేర్చుకుంటున్నాను!"

"మరి నా తండ్రి ఎక్కడ?" అని వసంతకేతు గర్జించాడు.

"మాకేం తెలుసు?" అన్నారిద్దరూ ఒక్కసారే. "నేను వచ్చేసరికి మంచం మీద వీడున్నాడు!"

సైనికులకు ఏ రాజు తరఫున చావాలో తెలియలేదు. ముందుగా చెంచన్న బల్లెం పడేశాడు. వీరన్న పరిగెత్తుకొచ్చి తమ్ముణ్ణి వాటేసుకున్నాడు. ఒడ్డు పొడుగునా అన్నలు, తమ్ముళ్ళు తలపాగాలు విప్పి పడేసి ఏడుస్తూ నవ్వుతూ కావలించుకున్నారు. "ఒరే! తమ్ముణ్ణి తీసుకుని మీ మామ ఊరికి పో! అన్నం తిని పో!" అని మాచక్క బండి మీద నుంచే అరిచింది.

ఆ సందడిలో మాంత్రికులు తేరుకున్నారు. చెరొక సగం రాజ్యం చాలునని కళ్ళతోనే ఒప్పందం చేసుకున్నారు. ధూమ్రజటుడు జడ విదిలిస్తే పొగ కాలసర్పమై లేచింది. కుక్కుటాక్షుడు చప్పట్లు కొడితే ఆకాశం నుంచి కత్తుల ముక్కుల కోడిపుంజులు వడగళ్ళలా కురిశాయి. ఒకటి యువరాజు చీరకొంగు చీల్చుకుపోయింది. ఇంకొకటి దళవాయి తలపాగాలో దిగి కొక్కొరొకో అంది.

"పీపా ఎక్కు బాబూ!"

ఇద్దరూ బండిని నది వైపు ఒరగదోసి, దొర్లుతున్న పీపా మీదికి గుర్రమెక్కినట్టు దూకారు. అది దభేలున నదిలో పడింది. కాలసర్పం పడగ విప్పి మీదికొచ్చింది. కుదుపులకు పీపా లోపల నురుగు కోపంతో గుర్రుమంటోంది. మాచక్క వెనక్కి వంగి, సుత్తితో బిరడా మీద ఒక్కటిచ్చింది.

ఫటేలుమని బిరడా వెళ్ళి కాలసర్పం రెండు కళ్ళ మధ్య తగిలింది. తెల్లని నురుగు ధార ఏనుగు తొండంలా వెనక్కి చిమ్మింది. ఆ ఊపుకు పీపా విల్లు విడిచిన బాణంలా ముందుకు దూసుకుపోయింది. రేవులు, కోటలు, పడవలు, బట్టలుతికేవాళ్ళు అంతా గీతల్లా వెనక్కి జరిగిపోయారు. కోడిపుంజులు నురుగులో మునిగి తూలుతూ ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. శంఖినీ నది మలుపులన్నీ దాటి, ఇసుకతిన్నె మీద ఒకసారి ఎగిరి, పీపా సముద్రంలో పడి ఆగింది.

ధార ఆగిపోయింది. పీపా ఖాళీ. యువరాజు గిన్నెలో, అరచేత్తో మూసి కాపాడుకున్న తేటసుర మాత్రం మిగిలింది.

పొద్దు వాలుతోంది. నలువైపులా నీలంరాళ్ళు కరిగించి పోసినట్టు జలరాశి. అప్పుడు పడమర నుంచి ఒక ఓడ వచ్చింది. ముత్యాల రంగు తెరచాపలు, పగడాల స్తంభాలు, అంచు పొడవునా చేతులూపుతున్న నావికులు. ఓడ వాళ్ళ పక్కనే ఆగి, ఎర్రని పట్టుతాళ్ళ నిచ్చెన ఒకటి మెల్లగా కిందికి జారవిడిచింది.

"దేవుడు పంపినట్టు వచ్చింది!" అని మాచక్క చెయ్యి చాచింది.

వసంతకేతు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. గిన్నె కంటికి ఎత్తాడు.

తెరచాపలు లేవు. కొండంత తిమింగలం వీపు మీద రెండు రెక్కలు ఆడుతున్నాయి. పగడపు స్తంభాలు దాని పళ్ళు. చేతులూపుతున్న నావికులు పళ్ళ సందున ఇరుక్కున్న నాచు. పట్టునిచ్చెన దాని నాలుక.

"ఈదు అక్కా, వెనక్కి ఈదు!" అని అతను గుసగుసగా అన్నాడు.

అప్పుడు ఆ నోటి లోపల నుంచి, ఎంతో లోతు నుంచి, ఒక ముసలి గొంతు చిరాగ్గా వినిపించింది.

"ఆగాగు! ఆ ఎత్తు నేను వేయలేదు, చెయ్యి జారింది! గుర్రాన్ని వెనక్కి పెడుతున్నాను. ఏం, రాజునైతే మాత్రం చెయ్యి జారకూడదా?"

వసంతకేతు ఆ గొంతు గుర్తుపట్టాడు. చదరంగంలో ఆ మాట వినకుండా అతను తన తండ్రితో ఒక్క ఆటయినా ఆడి ఎరగడు. చిన్నప్పుడు ఆ గుర్రం కోసం ఏడ్చాడు, పెద్దయ్యాక అలిగి బల్ల మీద నుంచి లేచిపోయాడు. ఇప్పుడు అదే మాటకు అతని కళ్ళు నిండాయి.

"లోపల ఉన్నారు" అన్నాడు.

"లోపలంటే... అందులోనా?" మాచక్క తిమింగలం వైపు చూసింది, ఖాళీ పీపా వైపు చూసింది, చుట్టూ నీళ్ళ వైపు చూసింది. కొంగు నడుముకు చుట్టి సుత్తి అందులో దోపింది. "సరే పద. కాళ్ళు తుడుచుకుని ఎక్కు. జారుతుంది."

యువరాజు గిన్నె మీద అరచెయ్యి బిగించి, నాలుక మీద కాలు మోపాడు. అది వెచ్చగా, మెత్తగా ఉంది. అతని వెనకే మాచక్క రెండో కాలు కూడా పెట్టీ పెట్టగానే, అది వాళ్ళిద్దరినీ మోసుకుంటూ నెమ్మదిగా లోపలికి చుట్టుకోసాగింది. పైనుంచి పగడాల వరస దిగుతోంది.

లోపల చీకట్లో, మహారాజుతో ఆడుతున్న వారెవరో ఎత్తు వేసి, బిగ్గరగా, "రాజుకు షా!" అన్నారు.